మడమ నొప్పికి మందు ఎక్కడ ఉంది?

పొద్దున్నే నిద్ర లేచి, మంచం దిగి కాలు కింద మోపగానే "అబ్బా!" అంటూ గోడ పట్టుకొనే పెద్దవారిని మీలో చాలామంది చూసే ఉంటారు. నాలుగడుగులు వేసేసరికి నొప్పి కాస్త సర్దుకుంటుంది. మధ్యాహ్నం కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలవుతుంది. సాయంత్రం అయ్యేసరికి మడమలో మేకు దిగినట్లే ఉంటుంది. వంటింట్లో గచ్చు మీద గంటల తరబడి నిలబడే అమ్మలు, బస్సు కండక్టర్లు, ట్రాఫిక్ పోలీసులు, నర్సులు, బట్టల దుకాణాలలో పనిచేసేవారు, నల్లబల్ల ముందు జీవితం గడిపే మావంటి ఉపాధ్యాయులు - వీరందరికీ ఇది బాగా తెలిసిన బాధ. సుమారు పదిమందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మడమ నొప్పితో బాధపడతారని వైద్యులు అంచనా వేస్తారు. 40 నుంచి 60 సంవత్సరాల మధ్య వయసు వారిలో ఇది ఎక్కువ. ఇటువంటి నొప్పుల్లో అన్నిటికంటె సాధారణమైన దానిని వైద్యులు "ప్లాంటార్ ఫేసియైటిస్" అంటారు.

దీనికి మందేమిటని అడిగి చూడండి. ఒకరు నొప్పి మాత్ర పేరు చెబుతారు. మరొకరు సూది వేయించుకోమంటారు. ఇంకొకరు కాల్చిన ఇటుక మీద జిల్లేడాకు పరచి కాపడం పెట్టుకోమంటారు. "వ్యాయామం చేయాలి" అని ఎవరైనా అంటే మాత్రం, "అది సరేనండీ, మందేమిటి?" అని మళ్లీ అడుగుతారు. వ్యాయామం మందు కాదని మన గట్టి నమ్మకం. ఆ నమ్మకం తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ నొప్పికి వ్యాయామమే ముఖ్యమైన మందు. అయితే మిగతా మందుల మాదిరిగానే దానికీ మోతాదు ఉంది, వేళ ఉంది, ఎన్నాళ్లు వాడాలన్న లెక్క ఉంది. ఇవేవీ చెప్పకుండా "కాస్త వ్యాయామం చేయండి" అనడం, మందు పేరు రాయకుండా "ఏదో ఒక మాత్ర మింగండి" అనడం వంటిదే.

అరికాలిలో ఒక విల్లు

ముందు మన పాదం ఎలా తయారైందో చూద్దాం. ఒక్కొక్క పాదంలో 26 ఎముకలున్నాయి. అవి నేలకు బల్లపరుపుగా ఉండవు, మధ్యలో కమానులా పైకి లేచి ఉంటాయి. తడి కాలితో గచ్చు మీద నడిచి ఆ ముద్ర చూడండి. లోపలి వైపు కొంత భాగం నేలకు అంటకపోవడం చాలామందిలో కనిపిస్తుంది. అదే ఆ కమాను.

పైన శరీరం బరువు పడినప్పుడు ఈ కమాను రెండు కొసలూ దూరంగా జరిగి చదునుగా అయిపోవాలి గదా? అలా కాకుండా పట్టి ఉంచేది మడమ ఎముక అడుగు నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా సాగిన ఒక గట్టి పట్టీ. దాని పేరు ప్లాంటార్ ఫేసియా. ఎముకల కమాను విల్లు అనుకుంటే, ఈ పట్టీ దాని వింటినారి. ఇది కొలాజెన్ అనే ప్రోటీను పోగులతో పేనిన తాడు వంటిది. రబ్బరులా ఎక్కువ సాగదు.

ఇప్పుడొక చిన్న ప్రయోగం చేయండి. కుర్చీలో కూర్చుని కుడి పాదాన్ని ఎడమ మోకాలిపై పెట్టుకోండి. ఎడమచేతి బొటనవేలితో అరికాలి మధ్యభాగాన్ని తడుముతూ, కుడిచేతితో కాలి బొటనవేలిని ముంగాలి వైపుకు వంచండి. అరికాలిలో ఒక పట్టీ వీణ తీగలా బిగుసుకోవడం మీ వేలికి తెలుస్తుంది. కమాను కూడా కొంచెం పైకి లేస్తుంది. గాలిపటం దారాన్ని చరఖాకు చుట్టినట్లు, వేలు వంగినప్పుడల్లా ఈ పట్టీ వేలి మొదటి కీలు చుట్టూ చుట్టుకొని బిగుస్తుందన్నమాట. ఈ ఏర్పాటును బ్రిటన్‌కు చెందిన హిక్స్ అనే పరిశోధకుడు 1954లో వివరించాడు. మనం అడుగు తీసేటప్పుడు మడమ లేచి, వేళ్లు వంగి, పాదం గట్టి మీటగా మారి శరీరాన్ని ముందుకు తోయడానికి ఇదే ఆధారం.

ఇక ఒక లెక్క. 60 కిలోల బరువున్న మనిషి రోజుకు 5000 అడుగులు వేస్తాడనుకోండి. అంటే ఒక్కొక్క పాదం 2500 సార్లు ఆ బరువంతా మోయాలి. 2500ను 60తో హెచ్చిస్తే 1,50,000 కిలోలు. అంటే 150 టన్నులు! ఒక్కసారిగా కాకపోయినా, విడతలు విడతలుగా ఒక పాదం ఒక రోజులో మోసే మొత్తం అది. రాత్రి నిద్రలో మరమ్మతు జరిగినంత కాలం ఈ చాకిరీ మనకు తెలియదు. చాకిరీ మరమ్మతును మించిపోయిననాడు, పట్టీ మడమ ఎముకకు అతుక్కున్న చోట పోగులు దెబ్బతినడం మొదలవుతుంది.

పేరు చెప్పే అబద్ధం

టాన్సిలైటిస్, అపెండిసైటిస్ అనే మాటలు మీరు విన్నారు. వైద్యశాస్త్రంలో పేరు చివర "ఐటిస్" అని వస్తే అక్కడ శోథ ఉందని అర్థం. అంటే ఎరుపెక్కడం, వేడెక్కడం, వాచడం, నొప్పి పుట్టడం. ఫేసియైటిస్ అన్న పేరు కూడా అలాగే పెట్టారు. కాని 2003లో అమెరికాలో లెమాంట్, ఆయన సహచరులు ఇటువంటి రోగులకు శస్త్రచికిత్స చేసినప్పుడు తీసిన 50 నమూనాల సూక్ష్మదర్శిని ఫలితాలను పరిశీలించారు. శోథ లక్షణాలు వాటిలో కనబడలేదు. కనబడినవి చివికిన పోగులు, క్రమం తప్పిన అల్లిక. సాధారణంగా 4 మిల్లీమీటర్ల లోపు మందం ఉండే ఈ పట్టీ, నొప్పి ఉన్నవారిలో అంతకు మించి మందంగా ఉండడం కూడా అల్ట్రాసౌండ్ పరీక్షలో కనిపిస్తుంది.

ఇది పేరును గురించిన తగాదా మాత్రమే కాదు. పట్టీలో మంట రేగి ఉంటే, దాన్ని ఆర్పే మాత్రలు చాలు. పట్టీ చివికి ఉంటే, దాన్ని మళ్లీ పేనాలి. నొప్పి మాత్ర కొన్ని గంటలు బాధ తెలియకుండా చేస్తుంది గాని, ఒక్క పోగును కూడా పేనలేదు. పైగా ఆ మాత్రలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని కలిగే ప్రమాదం ఉంది.

పేరు తరువాత మనల్ని తప్పుదారి పట్టించేది ఎక్స్‌రే. అందులో మడమ ఎముక కింద ఒక చిన్న ముల్లు కనబడుతుంది. "ఇదిగో, ఈ ముల్లే గుచ్చుకుంటోంది" అనుకుని రోగి హడలిపోతాడు. కాని ఏ నొప్పీ లేని చాలామందిలో కూడా ఆ ముల్లు ఉంటుంది. ముల్లు లేకుండానే నొప్పి పడేవారూ ఉన్నారు. నొప్పి తగ్గిన తరువాత మళ్లీ ఎక్స్‌రే తీస్తే ముల్లు ఎక్కడిదక్కడే ఉంటుంది! రెండు విషయాలు ఒకచోట కనబడినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాదని సైన్సు క్లాసులో మేము చెప్పే మాట ఇక్కడ బాగా వర్తిస్తుంది.

బరువే నొప్పి, బరువే మందు

పోగులను మళ్లీ పేనడం ఎలా? ఎముకలు తమపై పడే బరువును బట్టి తమ నిర్మాణాన్ని మార్చుకుంటాయని 1892లో జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వుల్ఫ్ చెప్పాడు. కండరాల సంగతి మీకు తెలిసిందే. బస్తాలు మోసేవారి భుజాలు చూడండి. కొలాజెన్ పట్టీలు కూడా ఇలాగే స్పందిస్తాయి. తగిన బరువు, తగిన విరామం దొరికితే వాటిలోని కణాలు కొత్త పోగులను తయారుచేస్తాయి. కాని రక్తప్రసారం తక్కువ కనుక ఆ పని చాలా నెమ్మదిగా, వారాలు, నెలల మీద జరుగుతుంది.

ఇక్కడొక విచిత్రం గమనించండి. పట్టీని చెడగొట్టింది బరువే, బాగు చేయవలసిందీ బరువే. తేడా ఎక్కడంటే కొలతలో ఉంది. పది గంటలు గచ్చు మీద నిలబడడం కొలత లేని బరువు. రోజు విడిచి రోజు, పన్నెండు సార్లు, ఇన్ని సెకన్లు అని లెక్కపెట్టి వేసేది కొలిచిన బరువు. ఉప్పు ఎక్కువైతే కూర పాడవుతుంది, అసలు వేయకపోయినా పాడవుతుంది. అందుకే "నొప్పి తగ్గేవరకు మంచం దిగవద్దు" అనే సలహా కూడా సరైనది కాదు. పూర్తి విశ్రాంతిలో పట్టీ బలపడదు, మరింత బలహీనపడుతుంది.

ఈ కొలతను నేర్పే శాస్త్రమే ఫిజియోథెరపీ, అంటే భౌతిక చికిత్స. దానిని కాళ్లు పిసికే పనిగా భావించేవారు ఇంకా ఉన్నారు. అది పొరపాటు. ఫిజియోథెరపిస్టు మొట్టమొదట చేసేది పరీక్ష. చీలమండ ఎంత వంగుతుంది, పిక్క ఎంత బిగుసుకుంది, నడకలో లోపమేమిటి అని చూసి, ఆ మనిషికి ఎంత బరువు తగునో నిర్ణయించడం ఆయన పని.

మోతాదు ఇదిగో

ఎక్కువగా వాడే మూడు వ్యాయామాలను చెబుతాను.

మొదటిది పట్టీని సాగదీయడం. పైన మీరు చేసిన ప్రయోగమే ఇది! పాదాన్ని రెండవ మోకాలిపై పెట్టుకొని, కాలివేళ్లను ముంగాలి వైపుకు వంచి, పది అంకెలు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచాలి. ఇలా పదిసార్లు. రోజుకు మూడు పూటలు. అందులో మొదటి పూట తప్పనిసరిగా పొద్దున మంచం దిగకముందే చేయాలి. ఎందుకంటే రాత్రంతా పాదం కిందికి వాలి పట్టీ, పిక్క సడలి ఉంటాయి. వాటిని సిద్ధం చేయకుండా ఒక్కసారిగా బరువు మోపడం వల్లనే ఆ మొదటి అడుగు అంతగా బాధిస్తుందని వైద్యులు వివరిస్తారు. లెక్క వేయండి. పూటకు 100 సెకన్లు, మూడు పూటలకు 300 సెకన్లు. అంటే 1440 నిమిషాల రోజులో 5 నిమిషాలు.

రెండవది పిక్కను సాగదీయడం. గోడకు ఎదురుగా నిలబడి చేతులు గోడకు ఆనించి, నొప్పి ఉన్న కాలును వెనక్కు పెట్టి, మోకాలు వంచకుండా, మడమ నేల నుంచి లేవకుండా ముందుకు వాలాలి. 30 సెకన్లు ఉండాలి. మూడుసార్లు చేయాలి. పిక్క బిగుసుకొని చీలమండ సరిగా వంగని వారిలో ఈ నొప్పి ఎక్కువని పరిశోధనలు తేల్చాయి కనుక దీని అవసరం అర్థమవుతుంది.

మూడవది బరువెత్తడం. మెట్టు అంచున ముందరి పాదం పెట్టి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు ఉంచి, మూడు సెకన్లలో మడమ పైకెత్తాలి. రెండు సెకన్లు ఆగాలి. మూడు సెకన్లలో దించాలి. మీరు చదివిన మీటల పాఠం గుర్తు తెచ్చుకోండి. వేళ్ల మొదళ్లు ఆధారం, మధ్యలో శరీరం బరువు, వెనుక నుంచి పిక్క లాగే బలం - ఇది రెండవ తరగతి మీట. తువ్వాలు వేళ్లను వంచి పట్టీని బిగిస్తుంది, శరీరం బరువు ఆ బిగువును పెంచుతుంది. ఇది రోజు విడిచి రోజు మాత్రమే. మొదట 12 సార్ల చొప్పున మూడు విడతలు. రెండు వారాల తరువాత బరువు పెంచి 10 సార్ల చొప్పున నాలుగు విడతలు. నాలుగు వారాల తరువాత ఇంకా పెంచి 8 సార్ల చొప్పున అయిదు విడతలు. బరువు పెంచడం ఎలా అంటారా? వీపున సంచి తగిలించుకొని అందులో పుస్తకాలు నింపడమే. మీ బడి సంచికి ఇన్నాళ్లకు ఒక మంచి ఉపయోగం దొరికింది!

చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉండడం సహజం. మరునాడు పొద్దున నొప్పి మునుపటి కంటె పెరిగితే మాత్రం మోతాదు ఎక్కువైందని అర్థం, తగ్గించాలి. తొలిసారి వైద్యునికో, ఫిజియోథెరపిస్టుకో చూపించుకొని మొదలుపెట్టడం మంచిది.

పని చేస్తుందని రుజువేమిటి?

మంచి ప్రశ్న. ఈ నొప్పి చాలామందిలో ఒక సంవత్సరం లోపల ఎలాగూ తగ్గిపోతుంది. అలా తానుగా తగ్గే జబ్బుకు ఏ చిట్కా చేసినా అదే తగ్గించినట్లు కనబడుతుంది. జిల్లేడాకు కాపడం కీర్తి కూడా కొంత ఇలా వచ్చిందే. కాపడం వేడి హాయినిస్తుంది, కాదనను. కాని తగ్గించింది ఆకా, కాలమా అన్నది ఒక మనిషిని చూసి చెప్పలేం. పోల్చి చూడాలి.

అమెరికాలో డిజియొవాని బృందం 2003లో అలా పోల్చి చూసింది. దీర్ఘకాలంగా మడమ నొప్పితో బాధపడుతున్న 101 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు పట్టీని సాగదీసే వ్యాయామం, రెండవ జట్టు పిక్కను సాగదీసే వ్యాయామం చేశారు. ఎనిమిది వారాల తరువాత చూస్తే పొద్దుటి మొదటి అడుగు నొప్పి మొదటి జట్టులో ఎక్కువగా తగ్గింది. డెన్మార్క్‌లో రాత్లెఫ్ బృందం 48 మందిపై జరిపి 2015లో ప్రచురించిన పరీక్షలో తువ్వాలుతో బరువెత్తిన జట్టు, పట్టీని సాగదీసిన జట్టుకంటె మూడు నెలల నాటికి బాగా కోలుకుంది. సంవత్సరం తిరిగేసరికి రెండు జట్లూ ఇంచుమించు సమానమయ్యాయి. ఈ చివరి మాటను దాచిపెట్టకూడదు. బరువెత్తడం మంత్రం కాదు, కోలుకొనే దారిని కొంత దగ్గర చేస్తుంది. రోజు కూలి మీద బతికే మనిషికి ఆ కొన్ని నెలలు చిన్న విషయమా?

ఇక సూది సంగతి. మడమలో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ సుమారు ఒక నెల వరకు కొంత ఉపశమనం ఇస్తుంది. ఆ తరువాత దాని ఆధిక్యం నిలబడదు. ఒక్కొక్కసారి పట్టీ తెగిపోవడం, మడమ కింద మెత్తగా ఉండే కొవ్వు దిండు పలచబడడం వంటి ప్రమాదాలున్నాయి. కనుక వైద్యులు అవసరమనుకున్నప్పుడు వాడవలసిందే గాని, మొదటి రోజే రోగి అడిగి వేయించుకోవలసింది కాదు. మెత్తని అడుగు ఉన్న చెప్పులు మేలు చేస్తాయి, ఇంట్లో గచ్చు మీద కూడా వేసుకోవచ్చు. ఒళ్లు బరువు తగ్గించుకోవడం కూడా మేలు చేస్తుంది. ఇవన్నీ వ్యాయామానికి తోడు, బదులు కావు.

కుర్చీ కూడా చికిత్సే

మందు మోతాదు చెప్పి, జబ్బుకు కారణాన్ని వదిలేస్తే న్యాయం కాదు. రోజంతా నిలబడి పనిచేసే సేల్స్ గర్ల్‌కు పొద్దున అయిదు నిమిషాల వ్యాయామం చెప్పి, తరువాత పది గంటలు కూర్చోనివ్వకపోతే ప్రయోజనమేమిటి? 2018లో కేరళ, 2021లో తమిళనాడు దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే సదుపాయం కల్పించాలని చట్టం చేశాయి. ఇవి మన దక్షిణాది రాష్ట్రాలే. ఖాతాదారు లేనప్పుడు కాసేపు కూర్చోవడం సోమరితనం కాదు, పట్టీకి మరమ్మతు సమయం. ప్రతి మండల కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రిలో ఒక ఫిజియోథెరపిస్టు, ప్రతి దుకాణంలో పనివారికి ఒక స్టూలు - ఈ రెండూ ఉంటే ఎంతో ధనం, ఎన్నో మాత్రలు ఆదా అవుతాయని నా అభిప్రాయం.

మీ మడమ సంగతి వేరు

ఇదంతా చదివి, ఆటలాడి వచ్చాక మడమ నొప్పి పుట్టిన విద్యార్థి ఎవరైనా తనకూ ఇదే జబ్బని అనుకోవద్దు. 8 నుంచి 14 సంవత్సరాల వయసులో వచ్చే మడమ నొప్పికి సాధారణ కారణం వేరు. మీ మడమ ఎముక వెనుక భాగంలో ఇంకా పెరుగుతున్న మెత్తని పొర ఉంటుంది. పరుగు, గెంతుడు ఎక్కువైతే పిక్క లాగుడుకు అది నొప్పి పెడుతుంది. సెవర్ అనే వైద్యుడు 1912లో వర్ణించినందున దానిని సెవర్ జబ్బు అంటారు. ఆట తగ్గించి, ఎముక పెరుగుదల పూర్తయితే అది పోతుంది. ఓర్చుకుని ఆడకుండా ఇంట్లో చెప్పండి. అలాగే జ్వరం, వాపు, తిమ్మిరి, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, దెబ్బ తగిలిన తరువాత వచ్చిన నొప్పి - ఇవి ఏ వయసు వారికైనా వైద్యునికి చూపించవలసినవి. చక్కెర వ్యాధి ఉన్నవారు పాదాల విషయంలో సొంత వైద్యం అసలే చేసుకోకూడదు.

విద్యార్థులారా! మందు మనకు ఇంకొకరు ఇచ్చేది, మనం మింగేది అని అలవాటు పడ్డాం. ఈ మందు మాత్రం ఎవరూ ఇవ్వలేరు, ఎవరి బదులు ఎవరూ చేయలేరు. అందుకే చాలామంది పది రోజులు చేసి మానేస్తారు. ఇంట్లో అమ్మమ్మకో, నాన్నకో వైద్యులు ఈ వ్యాయామాలు చెప్పి ఉంటే, మీరు చేయగల సాయం ఒకటుంది. ఒక పాత నోటుబుక్కు తీసుకొని తేదీ, ఎన్నిసార్లు చేశారు, పొద్దుటి మొదటి అడుగులో నొప్పి పదికి ఎంత అని మూడు గళ్లు గీయండి. పొద్దున్నే పక్కన కూర్చుని సెకన్లు లెక్కపెట్టండి. రోజూ రాయండి. మూడు నెలల తరువాత ఆ అంకెలను గ్రాఫు కాగితం మీద గుర్తించండి. గీత ఒక్క రోజులో దిగదు. ఎక్కుతూ దిగుతూ, మొత్తం మీద కిందికి వస్తుంది. ఒక వారం పెరిగిందని మానేయబోయే వారికి ఆ గీతను చూపించండి.